కొసలు విరిగిన బెండకాయలు

అనగా అనగా, నల్లవాగుకు ఇవతల ఒక పట్టణం, అవతల ఒక పల్లె. వారానికొకసారి పల్లెవాళ్లు వాగు దాటి వచ్చి పట్టణంలో సంత పెట్టేవారు.

ఆ పట్టణంలో ధాన్యాధికారి భార్య రత్నాంబ ఉండేది. చదువుకున్నది, చురుకైనది. తనను ఎవరూ మోసం చెయ్యలేరని ఆమెకు మహా గర్వం.

పల్లె నుంచి సుంకులమ్మ అనే రైతు బెండకాయలు తెచ్చేది. మొదటి సంతలో రత్నాంబ ఆమె బుట్ట ముందు కూర్చుంది. లేతవో ముదురువో చూడాలని ఒక్కో కాయ కొస టప్పున విరిచింది. పది విరిచి, రెండు గుప్పెళ్లు కొన్నది.

రెండో సంతలో ఇరవై విరిచింది. "లేతగానే ఉన్నాయిలే. మళ్లీ వస్తాను" అని లేచి, పైడయ్య అనే వర్తకుడి పెద్ద అంగడికి వెళ్లింది.

పైడయ్య కాయలు దూరదేశం నుంచి బండ్ల మీద వచ్చేవి. నాలుగు రోజుల నాటివైనా నీళ్లు చల్లి తళతళలాడించేవాడు. గుమ్మం మీద "తాకరాదు" అని పలక. రత్నాంబ చేతులు కట్టుకుని నిలబడి, ఇచ్చినవి పుచ్చుకుని వచ్చింది.

మూడో సంతలో ఆమె అప్పటికే పైడయ్య దగ్గర కొనేసింది. అయినా చెయ్యి ఊరుకోలేదు. సుంకులమ్మ బుట్టలో సగం విరిచింది.

"అమ్మగారూ, ఇవాళైనా కొంటారా?" అంది సుంకులమ్మ.

కొననని చెప్పడానికి రత్నాంబకు నామోషీ అనిపించింది. "ఏం కొనమంటావు? అన్నీ ముదురే!" అని నలుగురికీ వినబడేలా అనేసింది. పక్కనున్న ఆడవాళ్లు బుట్ట వైపు చూసి వెళ్లిపోయారు. కాయలు మాత్రం లేతవే.

మర్నాడు రత్నాంబ అక్కగారి ఊరికి బండిలో బయలుదేరింది. వాగు దాటగానే కుండపోతగా వాన. ఇరుసు విరిగింది. తడిసి ముద్దయి, కనబడిన మొదటి ఇంటి తలుపు తట్టింది.

చూపు ఆనని ముసలమ్మ ఒకతె తలుపు తీసింది. "రా తల్లీ, అన్నం వేళకు వచ్చావు" అని పీట వేసి, విస్తరి పరిచి, అన్నమూ బెండకాయ కూరా వడ్డించింది.

"కూర బాగుంది అవ్వా."

"బాగుండక? లేత కాయలు. సంత మర్నాడు మా ఇంట ఇదే కూర. పట్నంలో ఒక మహాతల్లి ఉందట. కొసలు విరిచి చూసి వదిలేస్తుందట. విరిచినవి ఇంకెవరు కొంటారు? ఆవిడ పుణ్యాన మేమే తింటున్నాం."

అప్పుడే తోటలోంచి కోడలు లోపలికి వచ్చింది. సుంకులమ్మ! విస్తరి ముందున్న మనిషిని చూసి గుమ్మంలోనే ఆగింది.

"ఊరుకో అత్తా. ఇంటికొచ్చిన మనిషి తింటోంది" అంది.

"ఎందుకే ఊరుకోవడం? రేపు తోట పీకేసి, పైడయ్య కొట్లో మూటలు మోయడానికి పోతానంటివి కదా. చెప్పుకోనీ!"

రత్నాంబ తల తిప్పి చూసింది. మూలన బుట్ట నిండా కొస విరిగిన మోడు కాయలు. అన్నం కలుపుతున్న తన చెయ్యి వైపు చూసుకుంది. విరిచిందీ ఆ చెయ్యే. సుంకులమ్మ ముంత తెచ్చి ఆమె విస్తట్లో మజ్జిగ పోసింది. ఆ మజ్జిగకు రత్నాంబ తల ఇంకా వంగిపోయింది.

"నీ పేరేమిటి తల్లీ?" అంది ముసలమ్మ.

రత్నాంబ విస్తట్లోంచి చెయ్యి తీసేసింది. చివరికి, "ఆ కొసలు విరిచింది నేనే అవ్వా. ముదురని అబద్ధం చెప్పిందీ నేనే" అంది.

ముసలమ్మ తడుముకుంటూ విస్తరిని ఆమె ముందుకు జరిపింది. తరువాత, "తినడం మానకు. పారేస్తే ఇంకా పాపం" అంది. "కోడలా, తోట ఇంకొక్క వారం ఉంచు. చూద్దాం."

తరువాతి సంతకు రత్నాంబ అందరికన్నా ముందు వచ్చింది. చేతులు కట్టుకుని, "నువ్వే ఏరి పెట్టు సుంకులమ్మా" అంది. ఆపైన నలుగురికీ వినబడేలా, "పోయినవారం నేను అబద్ధం చెప్పాను. ఈ కాయలు లేతవి" అంది. సిగ్గుతో చెవులు వేడెక్కాయి. అయినా పూర్తిగా చెప్పింది. ఆ పూట బుట్ట ఖాళీ అయింది. తోట నిలిచింది.

నాటి నుంచి ఆ సంతలో కొస విరిచినవాళ్లే కాయ కొనాలని కట్టుబాటు అయింది. రత్నాంబ మాత్రం బతికినన్నాళ్లూ ఆ బుట్ట ముందు కుడిచెయ్యి కొంగులో దాచుకునే నిలబడింది.

పెద్ద అంగడి గుమ్మంలో చూపే మర్యాదను, పండించి తెచ్చినవాళ్ల బుట్ట ముందూ చూపాలి.