ఎదుటి కొస

చెంగయ్య కలంకారీ గురువు. కరక్కాయ పట్టించిన బట్ట మీద నల్లరంగు గీత ఒకసారి పడితే మళ్లీ చెరగదు. అందుకని, బొగ్గుతో గీసిన బొమ్మ తన మనసుకు ఎక్కేదాకా ఏ శిష్యుడి చేతికీ ఆయన ఆ రంగు ఇచ్చేవాడు కాడు.

గుణశేఖరు పన్నెండేళ్లు ఇతరులు గీసిన బొమ్మలకు రంగులు నింపాడు. ఇక తన గీతకు గురువు ఒప్పుకోవాలని, అడవిపాలైన ఒక రాణిని మూడుసార్లు బొగ్గుతో గీశాడు. మూడోసారి ఆమె కనుబొమలు ముడిచాడు, పెదవి వంచాడు, చెంపల మీద ధారలు కట్టించాడు. చెంగయ్య కాసేపు చూసి, "ఇది దుఃఖం కాదప్పా, జలుబు" అన్నాడు.

తోటివాళ్లు పగలబడి నవ్వారు.

"దుఃఖం నాకు తెలీదా సామీ?" అన్నాడు గుణశేఖరు. "తెలిసిందే బట్ట మీదికి ఎందుకు రాదు?"

నవ్వులు ఆగిపోయాయి. అతడి భార్య గురవమ్మ పోయి ఎనిమిది నెలలు. గురువు మాత్రం, "రంగుబట్ట ఉతకాల. ఏటికి పో" అన్నాడు.

పన్నెండు మూరల బట్టను పారే నీళ్లలో ఇద్దరు చెరో కొస పట్టుకుని జాడించాలి. మడతపడితే ఒక రంగు ఇంకో రంగుకు అంటుకుంటుంది. ఇదివరకు ఎదుటి కొస గురవమ్మ పట్టేది. ఒకరిని సాయం అడగడం గుణశేఖరుకు చేతకాదు. ఆ కొసను రాతికింద అదిమి, ఈ కొసను మణికట్టుకు చుట్టుకుని, ఒక్కడే జాడించాడు.

గట్టుకు వచ్చేసరికి చెంగయ్య అక్కడ గొంతుక్కూర్చుని ఉన్నాడు. తడి ఇసుకలో వేలితో ఒక మనిషిని గీశాడు. వంగిన వీపు, ప్రవాహానికి బిగబట్టిన కాళ్లు, బట్ట చుట్టిన చెయ్యి, పక్కకు తిరిగిన మెడ. ముఖం లేదు.

"మాటిమాటికీ అటు ఎవర్ని చూస్తివప్పా?"

"రాయి జారిందేమోనని, సామీ."

"ఊఁ" అన్నాడు గురువు.

మర్నాడు గుణశేఖరు పాత గీతలు దులిపేసి, రాణిని పాదం నుంచి మొదలుపెట్టాడు. వీపు వంచాడు, మెడ తిప్పాడు. ముఖం దగ్గరికి వస్తుండగా చెంగయ్య అతడి చెయ్యి పట్టుకుని ఆపాడు. నల్లరంగు ముంతను అతడి ముందుకు జరిపాడు.

"ఆమెను అట్లే ఉండనీప్పా. పలకరించొద్దు."