కోడై కూసిన లైబ్రరీ

గోగులపాడులో తెలివైనవాళ్ళు ఎవరని అడిగితే పోలయ్య ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా తన ఇల్లు చూపించేవాడు. ఆ ఇంట్లో ముగ్గురు. పెద్దవాడు పోలయ్య, తర్వాత చెల్లెలు నూకరత్నం, ఆఖరివాడు గవర్రాజు. ఎవరు ఏం చెబితే అది చెప్పినట్టే చేస్తామని ముగ్గురికీ మహా గొప్ప. మాటని అటు పోనివ్వరు, ఇటు పోనివ్వరు.

“లోకంలో అందరూ ఒకటి వింటారు, ఇంకోటి చేస్తారు. మనం అలా కాదు,” అనేవాడు పోలయ్య అన్నం కలుపుకుంటూ.

“మనకి చెవులూ బుర్రా దగ్గర దగ్గరగా ఉన్నాయన్నయ్యా,” అనేది నూకరత్నం.

“మధ్యలో ఏమీ అడ్డం కూడా లేదు,” అనేవాడు గవర్రాజు.

ఒకసారి పక్కింటి మంగతాయారు ఊరికెళుతూ, “పోలయ్యా, కాస్త ఇల్లు చూస్తూ ఉండు” అంది. అంతే. పోలయ్య ఆ ఇంటి ఎదురుగా పీట వేసుకుని, కన్నార్పకుండా ఇల్లు చూస్తూ కూర్చున్నాడు. దొంగలొచ్చారు. టీవీ పట్టుకెళ్ళారు, గ్యాసు సిలిండరు పట్టుకెళ్ళారు, పరుపులు చుట్టి మరీ పట్టుకెళ్ళారు. బరువైన బీరువా దగ్గర పోలయ్యే ఓ చెయ్యి వేశాడు, పాపం మోయలేకపోతున్నారని. మంగతాయారు తిరిగొచ్చి గుండెలు బాదుకుంటే పోలయ్య ఓదార్చాడు. “సామాను పోయింది గానీ ఇల్లు మాత్రం అంగుళం కదల్లేదమ్మా. ఈ కళ్ళతో చూశాను.”

అలాంటి తెలివి ఊరికే పోతుందా? ఆ ఊళ్ళో ఒక యూనివర్సిటీ ఉంది. యూనివర్సిటీలో పెద్ద లైబ్రరీ ఉంది. లైబ్రరీ నిండా పుస్తకాలున్నాయి, మనుషులే లేరు. లైబ్రేరియన్ సుభాషిణి మేడం మంచి మనిషి. తెలుగు ఎమ్మే. నోరు తెరిస్తే నుడికారమే. ఆవిడ దగ్గర అంతకుముందు పనిచేసిన అటెండర్లు చెప్పింది ఒక్కటీ చేయక ఆవిడని ఏడిపించుకు తిన్నారు. “చెప్పింది చెప్పినట్టు చేసేవాళ్ళు కావాలి, చదువు లేకపోయినా పరవాలేదు” అని ఆవిడ ఎవరితోనో అంది. ఆ మాట ఆ నోటా ఈ నోటా పడి పోలయ్య ఇంటికి చేరింది. ఇంకేముంది! గ్రంథాలయ వారోత్సవాలకి ముగ్గురూ అటెండర్లుగా చేరిపోయారు.

మొదటిరోజు పొద్దున్నే మేడం వాళ్ళని నోటీసుబోర్డు దగ్గరికి తీసుకెళ్ళింది. ‘రాబోయే కార్యక్రమాలు’ అని పెద్దక్షరాలతో రాసి ఉంది. పుస్తకాల బైండింగు వర్క్‌షాపు, తాళపత్రాలు చదవడం, కంప్యూటర్లో పుస్తకం వెతుక్కోవడం, కథలు చెప్పే పోటీ. వర్క్‌షాపంటే చేతగానివాళ్ళకి నేర్పేదని కూడా మేడం చెప్పింది.

“ఏటా ఇవన్నీ పెడతాను పోలయ్యా. ఎవరూ రారు,” అంది మేడం. “కిందటేడు తాళపత్రాల మాస్టారు నాకొక్కదానికే పాఠం చెప్పి వెళ్ళిపోయారు. ఈసారి కూడా హాలు ఖాళీగా ఉంటే దాన్ని షటిల్ ఆడుకోవడానికి ఇచ్చేస్తానన్నారు వీసీ గారు. పుస్తకాలన్నీ మూటలు కట్టి మెట్ల కింద పడేస్తారట.”

మేడం కళ్ళు తుడుచుకోవడం చూసి పోలయ్య ముందుకొచ్చాడు. “మేమున్నాం కదా మేడం. ఏం చేయాలో చెప్పండి చాలు.”

“ఏముంది, మన కార్యక్రమాలు పదిమంది నోళ్ళలో నానాలి. ఊరంతా కోడై కూయాలి. అప్పుడు చూడు, జనం ఎందుకు రారో!” అని కరపత్రాల కట్ట చేతిలో పెట్టి లోపలికి వెళ్ళిపోయింది.

ముగ్గురూ ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకున్నారు.

“పదిమంది నోళ్ళు,” అన్నాడు గవర్రాజు.

“నానాలంటే మరి మెత్తబడేదాకా ఉండాలి,” అంది నూకరత్నం. మినప్పప్పు నానబెట్టిన చెయ్యి కాబట్టి ఆ సంగతి ఆవిడకే బాగా తెలుసు.

తిన్నగా క్యాంటీనుకి వెళ్ళారు. బల్ల దగ్గర ఓ కుర్రాడు ఇడ్లీ కోసం నోరు తెరిచాడు. ఇడ్లీ ఇంకా దారిలో ఉండగానే కరపత్రం లోపలికి వెళ్ళిపోయింది. పక్కనున్న పిల్ల నవ్వబోయింది. ఆ నోట్లో ఇంకోటి. “నమలకండమ్మా! నమిలితే లెక్కలోకి రాదు. నానాలంతే,” అని నూకరత్నం గడ్డం పట్టుకుని బతిమాలుతోంది. పోలయ్య లెక్కపెడుతున్నాడు. ఒక్క నోరు తక్కువైంది. ఆ సమయానికి లెక్కల లెక్చరరు వెంకటశాస్త్రి గారు కాఫీ తాగబోతూ పెద్దగా ఆవులించారు. అంతే! గవర్రాజు గురి తప్పలేదు.

“హమ్మయ్య, పది,” అన్నాడు పోలయ్య.

వెంకటశాస్త్రి గారు కరపత్రం ఉమ్మేసి, “ఇప్పుడే వీసీ గారికి చెబుతాను!” అని కేకలేసుకుంటూ పరిగెత్తారు.

“చూశావా అన్నయ్యా, వీసీ గారి దాకా వెళ్ళిపోయింది మన కార్యక్రమం,” అంది నూకరత్నం మురిసిపోతూ.

ఇక కోడి సంగతి. ముగ్గురూ బజారు మధ్య నిలబడి, “అందరూ కోడై కూయాలి, మేడం గారి మాట!” అని చాటారు. ఒక్కరూ కూయలేదు. అరటిపళ్ళమ్మేవాడు మాత్రం ‘పొద్దున్నే పట్టించారా’ అన్నట్టు చూశాడు. పోలయ్యకి దిగులేసింది. మేడం కళ్ళు గుర్తొచ్చాయి.

“వీళ్ళకి ఇష్టం లేక కాదురా, చేతగాక,” అన్నాడు ఆలోచించి ఆలోచించి. “ఎవరో ఒకరు నేర్పాలి.”

“చేతగానివాళ్ళకి నేర్పేదాన్నే వర్క్‌షాపు అంటారన్నయ్యా. మేడం అన్నారుగా,” అన్నాడు గవర్రాజు.

“మరి నేర్పే మాస్టారెవరు?”

“మన పుంజు ఉండగా వేరే మాస్టారెందుకు?” అంది నూకరత్నం.

ఇంకేముంది! ఇంటికెళ్ళి పుంజుని చంకన పెట్టుకొచ్చారు. లైబ్రరీ మెట్ల మీద బల్ల వేసి, బల్ల మీద తెల్లగుడ్డ పరిచి, పుంజుని నిలబెట్టి, మెడలో దండ వేశారు. మాస్టారు కదా మరి! ముందు మైకు పెట్టారు. పుంజు మైకుని కాసేపు ఒంటికన్నుతో చూసింది. తర్వాత మెడ సాచి ఒక్క కూత కూసింది. ఆ కూత హాస్టళ్ళ దాకా వినబడింది.

పిల్లలు పరిగెత్తుకొచ్చారు. “ఏమిటిది?” అంటే, “కోడై కూయడం నేర్పే వర్క్‌షాపు, ఫీజు లేదు” అన్నాడు పోలయ్య. ఎవడో సరదాకి కూశాడు. ఇంకొకడు వాడికన్నా బాగా కూశాడు. పుంజుకి రోషమొచ్చి ఇంకా గట్టిగా కూసింది. ఫోన్లలో వీడియోలు తీసి ఊరందరికీ పంపారు. దాంతో ఊళ్ళోవాళ్ళూ వచ్చారు. అరటిపళ్ళమ్మేవాడు బండితో సహా వచ్చి, ఎవరూ అడక్కుండానే కూశాడు.

చప్పుడు విని మేడం హడలిపోయి బయటికొచ్చింది. తిట్టడానికి నోరు తెరిచింది గానీ, మెట్ల నిండా జనాన్ని చూసి ఆ నోరు మూయడం మర్చిపోయింది. ఆవిడ ఉద్యోగంలో చేరాక లైబ్రరీ ముందు అంతమందిని చూడటం అదే మొదలు. ఇంతలో గేటు దగ్గర కారాగింది. వీసీ పురుషోత్తం గారు చిటపటలాడుతూ దిగుతున్నారు, వెనకాల వెంకటశాస్త్రి గారు.

“పోలయ్యా, తొందరగా!” అంది మేడం. “ఆ పుంజుని దింపేసి జనాన్ని హాల్లోకి పంపించు. ఇవాళ బైండింగు వర్క్‌షాపు. వచ్చినవాళ్ళు ఒక్కరూ లేచిపోకూడదు. అందరూ కుర్చీలకి అతుక్కుపోవాలి, తెలిసిందా? వీసీ గారితో సహా!”

“తెలిసింది మేడం,” అన్నాడు పోలయ్య. ఆ మాట అన్నప్పుడు గర్వంతో ఛాతీ ఎంత పొంగిందంటే చొక్కా గుండీ ఒకటి ఎగిరిపోయింది.

హాల్లో బైండింగు మాస్టారు రహమాన్ గారు పొద్దున్నే కాచి పెట్టిన జిగురు రెండు బకెట్ల నిండా ఉంది. పాపం ఆయన టీ తాగడానికి వెళ్ళాడు. ముగ్గురూ మూడు కుంచెలు తీసుకున్నారు. కుర్చీలు తెల్లవి, జిగురూ తెల్లదే. ఒక్క కుర్చీ వదల్లేదు. వీసీ గారి పెద్ద కుర్చీకి మాత్రం మర్యాదగా రెండు పూతలు వేశారు.

జనం వచ్చి కూర్చున్నారు. “ఏమిటి తడిగా ఉంది?” అన్నారెవరో.

“ఇప్పుడే శుభ్రం చేశామండీ. కదలకండి, ఆరిపోతుంది,” అంది నూకరత్నం.

హాలు నిండిపోయింది. వీసీ గారు తిట్లు నోటి చివర పెట్టుకుని లోపలికి వచ్చి, నిండిన హాలు చూసి తెల్లబోయి, పెద్ద కుర్చీలో చతికిలబడ్డారు. మేడం ఆనందం పట్టలేకపోయింది. పోలయ్య చెవిలో గుసగుసగా, “హాలు మనకి దక్కాలంటే ఇప్పుడు వీసీ గారిని ఆకాశానికెత్తేయాలి,” అని, కాగితం మీద రాసుకున్న పొగడ్తలు వెతుక్కోవడానికి సంచీ తెరిచింది.

పోలయ్య పైకి చూశాడు. సిమెంటు కప్పు ఉంది, ఫ్యాను ఉంది.

“ఇక్కణ్ణుంచి కుదర్దురా. ఆకాశం కావాలంటే డాబా మీదికెళ్ళాలి,” అన్నాడు.

అంతే. పోలయ్య ఒక వైపు, గవర్రాజు ఇంకో వైపు, వెనకనుంచి నూకరత్నం. వీసీ గారి కుర్చీ గాల్లోకి లేచింది.

“ఏయ్! ఏమిటిది? దింపండి!” అని వీసీ గారు లేవబోయారు. ఆయన లేవలేదు. ప్యాంటూ కుర్చీ ఒకటైపోయాయి.

“కంగారు పడకండి బాబూ, ఆకాశం ఎంతో దూరం లేదు,” అన్నాడు పోలయ్య మెట్లెక్కుతూ.

వీసీ గారిని కాపాడాలని వెంకటశాస్త్రి గారు లేచారు. ఆయనతో పాటు కుర్చీ లేచింది. వెనక వరస లేచింది, కుర్చీలతో సహా. జనమంతా నడుముకి కుర్చీలు అంటుకుని, వీపు మీద చిప్పలు మోసే నత్తల్లాగా వంగి వంగి మెట్లెక్కారు. మలుపు దగ్గర ఇద్దరి కుర్చీ కాళ్ళు చిక్కుపడి కాసేపు ట్రాఫిక్ జామ్ అయింది. ముందు మేడం, “అయ్యో అయ్యో” అంటూ.

డాబా మీద ముగ్గురూ వీసీ గారిని తలల పైదాకా ఎత్తారు.

“తగిలిందా సార్?” అని అడిగాడు పోలయ్య రొప్పుతూ.

“ఏమిటి తగిలేది?”

“ఆకాశం.”

“లేదు!”

“గవర్రాజూ, ఆ నీళ్ళ ట్యాంకు ఎక్కరా, ఇంకొంచెం ఎత్తు కావాలి!”

“తగిలింది! తగిలింది! దింపండి నాయనా!” అని వీసీ గారు అరిచారు. అప్పుడు దింపారు.

ఆయన చెమట తుడుచుకుని చుట్టూ చూశారు. డాబా నిండా జనం. ఎవరి కుర్చీ మీద వాళ్ళు సర్దుకుని కూర్చున్నారు. చల్లగాలి వీస్తోంది. “ఇంతమంది ఎలా వచ్చారయ్యా ఈ లైబ్రరీకి?” అన్నారు.

“కోడి కోసం వచ్చాం సార్, లేవలేక ఉండిపోయాం,” అన్నాడొక కుర్రాడు.

రహమాన్ మాస్టారు అప్పుడే టీ తాగి వచ్చాడు. “వేడినీళ్ళు పోస్తే గానీ ఈ జిగురు ఊడదు సార్, నీళ్ళు కాగుతున్నాయి. అందాకా ఊరికే కూర్చోవడమెందుకు?” అని అందరికీ సూదులూ దారాలూ కాగితాలూ పంచాడు. వేరే దారి లేదు కాబట్టి అందరూ కుట్టారు. వీసీ గారూ కుట్టారు. నాలుక బయటపెట్టి, వేలు పొడుచుకుని, వంకరటింకరగా ఒక పుస్తకం కుట్టి, దాన్ని తిప్పి తిప్పి చూసుకున్నారు. వేడినీళ్ళొచ్చినా, “ఉండవయ్యా, అట్ట వేయాలి” అని లేవలేదు.

“నా చేత్తో ఒక వస్తువు తయారుచేయడం ఇదే మొదటిసారి సుభాషిణి గారూ,” అన్నారు చివరికి. “హాలు మీకే ఉంచుతున్నాను. తాళపత్రాల రోజు నాకు ముందు వరసలో కుర్చీ వేయించండి. పొడిది.”

ఆయన వెళ్ళాక మేడం ముగ్గురి ముందూ నిలబడింది. ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి ఆవిడకి. “మిమ్మల్ని తిట్టాలో మెచ్చుకోవాలో తెలియడం లేదు. ఏమైతేనేం, నా హాలు నిలబెట్టారు. ఇక నుంచి ఈ లైబ్రరీ మీదే అనుకోండి.”

ఇంటికి వెళ్ళేదారిలో పోలయ్య పంతులుగారి గుమ్మం దగ్గర ఆగాడు. ఇంత పెద్ద ఆస్తి ఒక్కసారిగా మీద పడితే ముహూర్తం అడగొద్దూ?

మర్నాడు మేడం లైబ్రరీకి వచ్చేసరికి గుమ్మానికి మామిడాకుల తోరణం. గడపకి పసుపూ కుంకుమా. లోపల, పుస్తకాలిచ్చే బల్ల మీద స్టవ్వు వెలుగుతోంది, దాని మీద గిన్నెలో పాలు పొంగుతున్నాయి. బీరువాల మధ్య తాడు కట్టి నూకరత్నం చీరలు ఆరేసింది. ముగ్గురూ కొత్తబట్టలు కట్టుకుని, ఒంటికాలి మీద హాలంతా గెంతుతున్నారు.

“ఇదేమిటి పోలయ్యా?” అంది మేడం తల పట్టుకుని.

“గృహప్రవేశం మేడం! లైబ్రరీ మాదే అనుకోమన్నారుగా, అనుకున్నాం. మీరేం బెంగపెట్టుకోకండి, ఇన్నాళ్ళూ నమ్మకంగా పనిచేసిన మనిషి, మిమ్మల్ని తీసేయం,” అన్నాడు పోలయ్య గెంతుతూ ఎదురొచ్చి.

“మరి ఆ గెంతులేమిటయ్యా?”

“కొత్త ఇంట్లో కుడికాలే పెట్టాలని పంతులుగారు చెప్పారు మేడం. తెల్లారిన దగ్గర్నుంచీ మేం రెండోది కింద పెడితే ఒట్టు.”

మేడం నిట్టూర్చి, కుడికాలు గడప దాటించి, రెండో కాలు ఎత్తబోయింది. పోలయ్య గబుక్కున రెండు చేతులూ అడ్డం పెట్టాడు.

“ఆగండి మేడం! ఎడమకాలు బయట వదిలేసి రండి.”