దివాను ముద్ర వేసిన సొరబుర్ర

ఈ కథ నాకు మొదట చెప్పింది మా మేనత్త పైడమ్మ. ఇంకోలా చెప్పేవాళ్లున్నారు, వాళ్ల మాట నమ్మకండి.

రాజుగారి వంతెన కట్టించింది దివాను. ఎండాకాలంలో ఏరు ఎండినప్పుడు పడవ నూకన్న ఆయన దగ్గరికెళ్లి, "బాబయ్యా, వలలు తేలడానికి మేం కట్టే సొరబుర్ర ఒకటి తమ ముద్ర వేసి, వంతెన మధ్యకాలి పక్కన రెండు నిలువుల లోతున పాతించండి. దిష్టి తగలదు" అన్నాడు. దివాను దగ్గరుండి మరీ పాతించాడు.

వరద వచ్చి తగ్గింది. రాజుగారు ఏనుగులతో వంతెన ఎక్కబోతుంటే నూకన్న అడ్డం నిలబడ్డాడు.

"వద్దు ప్రభూ! మధ్యకాలి కింద ఇసుక కొట్టుకుపోయింది!"

"అబద్ధం!" దివాను గయ్యిమన్నాడు. "చూడండి ప్రభూ, ఇసుక ఎక్కడిదక్కడే ఉంది. పడవ బేరం పోయిందని వీడి ఏడుపు. ఆ పడవ తగలబెట్టించండి!"

నూకన్న గంపలోంచి సొరబుర్ర తీశాడు. దాని మీద దివాను ముద్ర!

"వరదలో తేలొచ్చి నా వలకి తగిలింది ప్రభూ."

"దొంగా! తవ్వి తీశావు!"

"సరే బాబయ్యా, నేనే తవ్వాననుకోండి. ఏరు తవ్వినా నేను తవ్వినా, వంతెన కాలి పక్కన రెండు నిలువుల గొయ్యి పడ్డట్టేగా? పైన పేరుకున్న కొత్త ఇసుకని నమ్మి ఏనుగుల్ని ఎక్కిస్తారా?"

రాజుగారు పడవగడ గుచ్చి చూడమన్నారు. గడ మొత్తం దిగిపోయింది! ఏనుగులు వెనక్కి తిరిగాయి. గోతిలో బండలు నింపాకే వంతెన మీద నడక.

కానీ అక్కడి రాతిపలక మీద 'దివానుగారి ముందుచూపు' అని ఉంది. కూడబలుక్కుని నేనే చదివాను. ఉలి పట్టడం వచ్చినవాళ్లెవరైనా అది చెక్కేసి, నూకన్న పేరు వేయండయ్యా!