పడుగు వదలని వీధి

అమ్మమ్మకి గొంతు బొంగురుపోయింది, ఇవ్వాళ కథ మీ మావయ్యది. ఆవిడ చెప్పిందే చెబుతా, కాస్త ఉప్పూ కారం ఎక్కువైతే సర్దుకోండి.

అనగనగా ఊరొకటి, అందులో ఒక సాలెవీధి. నేసిన బట్టంతా రాజుగారి దివాణానికే అమ్మాలి. కొనేవాడు గుర్నాథం. వాడు ఒక్కో ఇంటికీ పెరటి దోవన వెళ్ళి, చీరకి రెండు కుంచాల జొన్నలు కొలిచి, చెవిలో ఊదేవాడు. నీ నేత బాగుందని నీకొక్కడికే రెండు, మిగతావాళ్ళకి ఒకటే, ఎవరితోనూ అనకు అని. ఇంకేం, ఇంటింటా మీసం మెలేయడమే. కడుపు మాత్రం మాడుతూనే ఉండేది.

ఊ కొడుతున్నారా? ఏమే చిన్నదానా, నువ్వు పడుకుంటే రాజుగారు రారు మరి.

ఆ వీధిలో వీరభద్రయ్య, ఆయన కోడలు నాంచారమ్మ. ఆ జొన్నలతో గడవక, మగ్గం గుంట పూడ్చి వలసపోదామన్నాడు మావగారు. కోడలు చూస్తే నిండుచూలాలు. అందరికంటే మనకే ఎక్కువైతే, అందరికంటే ముందు మనమే మూట కట్టడమేంటి మావా అంది. ఆయన పార పక్కన పెట్టాడు.

తెల్లారి వాళ్ళ పడుగు. పడుగంటే నిలువు దారాలర్రా. వీధి పొడుగునా చాపి గంజి పెట్టాలి, వీధంతా వచ్చి పట్టుకోవాలి. మధ్యలో వదిలితే దారాలు చిక్కుపడిపోతాయి, అందుకని ఇంట్లో పాలు పొంగినా వదలరు. అదను చూసి నాంచారమ్మ పక్కింటి పెద్దాయన్ని అడిగేసింది, పెదనాన్నా, గుర్నాథం నీ చెవిలో ఏమన్నాడని. పెదనాన్న దగ్గాడు. ఎదురింటి చిన్నాన్నని అడిగింది. ఆయన పక్కకి చూశాడు. పోదామంటే చేతుల్లో పడుగాయె. చివరికి పెదనాన్న, నాకొక్కడికే రెండన్నాడే అన్నాడు. నాకొక్కడికే అన్నాడు చిన్నాన్న. నాకొక్కడికే, నాకొక్కడికే, ఈ కొస నుంచి ఆ కొస దాకా నాకొక్కడికే. ముసలి సుబ్బాయమ్మ "ఓరి మీ మీసాలు మండ" అని పగలబడి నవ్వింది.

పడుగు దించకుండానే మాటనుకున్నారు. ఇక బట్టంతా ఒక్కచోట, బేరం నడివీధిలో, గింజలు తగ్గితే అందరికీ ఒకే గంజికుండ.

గుర్నాథం ఉరిమాడు. నడివీధిలో ధర తేలేదాకా బట్టివ్వమని వీధి కదల్లేదు. బట్ట లేక రాజుకి తలపాగా లేదు, తలపాగా లేక కొలువు లేదు, కొలువు లేక తీర్పు లేదు, తీర్పు లేక తగువులన్నీ రాణిగారి గుమ్మంలో. ఆవిడ విసిగి, మీరే వెళ్ళి కనుక్కోండని రాజుని బయటికి తోసింది.

రాజు ఉత్తతలతో వీధికొచ్చాడు. విషయం విని, నాలుగు కుంచాలిస్తానన్నాడు. బానే ఉంది, ధర కట్టేచోట మా మనిషి కూడా కూర్చోవాలంది నాంచారమ్మ. ఒప్పుకోక ఏం చేస్తాడు?

కడుపు నిండాక వీధి కాలవ తవ్వుకుంది, రంగుల తొట్లు కట్టుకుంది, పొరుగూళ్ళ వాళ్ళు పని వెతుక్కుంటూ వచ్చారు. నాంచారమ్మకి కూతురు పుట్టింది, మగ్గం పక్కనే ఉయ్యాల. కొలువులో కూర్చుందెవరనుకున్నారు, సుబ్బాయమ్మే. పొగాకు నములుతూ ధర కట్టేది.

రాజు మంచోడైతే సంతోషమే అర్రా. పదిమందీ ఒక్కమాట మీదుంటే మాత్రం, ఎట్టాంటి రాజైనా మంచోడవుతాడు.

కథ కంచి బండెక్కింది, మీరు దుప్పట్లో దూరండి.