పోలయ్య ఇంటికి గవర్నరు

తుని దగ్గర ఒక ఊళ్ళో పోలయ్య, అతని పెళ్ళాం తలుపులమ్మ, తమ్ముడు మంగయ్య ఉండేవారు. ముగ్గురికీ తమ తెలివంటే మహా గర్వం. బయటికెళ్తే దాన్ని ఎవరైనా ఎత్తుకుపోతారేమోనని తలకి తువ్వాళ్ళు బిగించి కట్టుకునేవారు.

అంత తెలివైన ఇంట్లో పొద్దున లేస్తే పోట్లాటే. ముందు పాలు పితకాలా, ముందు పళ్ళు తోమాలా అని మొదలయ్యేది. మధ్యాహ్నమైనా పాలూ ఉండేవి కావు, పళ్ళూ తోమేవారు కాదు. పోలయ్యకి అదే బెంగ. ఇంత తెలివుండీ ఇల్లెందుకు నడవదు?

ఒకరోజు హైస్కూలు పక్కనుంచి పోతుంటే లోపల మాస్టారు పాఠం చెప్తున్నాడు. "రాష్ట్రానికి గవర్నరు ఉండాలి. మామూలుగా ఆయన వేరే రాష్ట్రం నుంచి వస్తారు. రాజ్ భవన్లో ఉంటారు. ఆయన సంతకం పడందే ఏదీ చెల్లదు."

ఇంకేముంది! పోలయ్య ఇంటికి ఒకటే పరుగు.

"ఒసే తలుపులూ, మనింట్లో లోటేంటో తెలిసిపోయింది. గవర్నరు లేడు!"

తలుపులమ్మ బుగ్గలు నొక్కుకుంది. "అయ్యో, ఉప్పు నిండుకుంటే చూసుకున్నాను, పప్పు నిండుకుంటే చూసుకున్నాను. ఇది చూసుకోనే లేదండీ!"

అప్పుడే వీధిలో "గొడుగులు బాగుచేస్తాం" అని కేక. దండపాణి అని, సంచీ భుజానేసుకుని ఊరూరా తిరిగే ముసలాయన.

"ఏ రాష్ట్రమయ్యా నీది?" అన్నాడు పోలయ్య.

"ఒడిశా బాబూ. బరంపురం."

అంతే. అన్నదమ్ములిద్దరూ చెరో రెక్కా పట్టుకుని లోపలికి తెచ్చేశారు. రాజ్ భవన్ కావాలి కదా! గేదెని నడవలోకి తోలి, పాక కడిగి, మంచం వేసి, ఆయన్ని కూచోబెట్టారు.

"పనేం చెయ్యాలి బాబూ?"

"పని చెయ్యకూడదండీ. సంతకం పెట్టాలి."

దండపాణి ఇరవయ్యేళ్ళుగా నడుస్తూనే ఉన్నాడు. కూచోమన్నవాడు లేడు. సరే, ఒక పూట చూద్దామనుకున్నాడు.

కాసేపటికి తలుపులమ్మ పొయ్యి దగ్గర్నుంచి కేకేసింది. "పప్పులో ఉప్పు వెయ్యొచ్చా?"

మంగయ్య కాగితం మీద రాశాడు. పోలయ్య చదివాడు, మడిచాడు, రాత్రి కురిసిన వాన నీళ్ళలో అడుగులో అడుగేసుకుంటూ పాకలోకి తీసుకెళ్ళాడు. దండపాణి ఒడియాలో సంతకం పెట్టాడు. పోలయ్య దాన్ని తిప్పి తిప్పి చూసి మురిసిపోయాడు. "చూశావురా మంగా! ఒక్క అక్షరం అర్థం కావట్లేదు. పెద్దవాళ్ళ సంతకమంటే ఇదీ!"

కాగితం తిరిగొచ్చేసరికి పప్పు మాడి బొగ్గయింది. అయినా చట్టప్రకారం ఉప్పేసింది తలుపులమ్మ. ఈలోగా పొయ్యిలో మంట ఎగిసి చూరు అంటుకుంది.

"నిప్పు! నిప్పు!"

"కంగారు పడకు. నీళ్ళు పొయ్యడానికి కాగితం రాస్తున్నాం," అన్నాడు పోలయ్య. "మంగా, నిప్పు అనాలా, అగ్ని అనాలా?"

"గవర్నరు గారికి కదా అన్నయ్యా, అగ్ని అంటే మర్యాదగా ఉంటుంది."

మాడు వాసనకి దండపాణి లేచి చూశాడు. కుండ పుచ్చుకుని ఉరికాడు. పోలయ్య అడ్డంగా పడి కుండ పట్టుకున్నాడు. "అయ్యా, తమరు పని చెయ్యకూడదు! మా పరువు పోతుంది!"

"ఇల్లు పోతోంది బాబూ!" అని ముసలాయన కుండ లాక్కుని నీళ్ళు కుమ్మరించాడు. మరో నాలుగు కుండలు కుమ్మరించాక మంట ఆరింది. అప్పటికే వంటింటి కప్పు సగం పోయింది. ఇంతలో మళ్ళీ వాన అందుకుంది. దండపాణి సంచీ భుజానేసుకున్నాడు. "అమ్మా, మీరు మంచివాళ్ళే. కానీ ఈ ఉద్యోగం నావల్ల కాదు." వానలోనే వెళ్ళిపోయాడు. పోలయ్యకి నిజంగానే ఏడుపొచ్చింది. ఇంట్లోకి వాన, కప్పు వేసుకుందామంటే సంతకం పెట్టే దిక్కు లేదు.

మళ్ళీ మాస్టారి దగ్గరికి పరుగెత్తాడు. "మాస్టారూ, గవర్నరు లేకపోతే ఎలాగండీ?"

"పక్క రాష్ట్రం గవర్నరుకి అదనపు బాధ్యత ఇస్తారయ్యా."

"సంతకం పెట్టనంటే?"

"ఒకసారి తిప్పి పంపొచ్చు. రెండోసారి పంపితే ఆమోదముద్ర వెయ్యాల్సిందే."

పోలయ్య తిరిగొచ్చేసరికి పక్కింటి సన్నిబాబు అరుగు మీద చుట్ట కాల్చుకుంటున్నాడు. "మీ పాకలో ఎవరుంటారు బాబాయ్?" అనడిగాడు పోలయ్య.

"దున్నపోతురా. హర్యానా నుంచి తెప్పించాను."

"పనేమైనా చేస్తారా?"

"దానికి పనేంట్రా, తిని కూచోడమే."

పోలయ్య కళ్ళు మెరిశాయి. వేరే రాష్ట్రం! పాకలో నివాసం! పని చెయ్యరు! అంతే, ముగ్గురూ పాక ముందు బురదలో నిలబడి దణ్ణం పెట్టారు. పోలయ్య కాగితం చాపాడు. "అయ్యా, ఇంటికి కప్పు వేసుకోవచ్చాండీ?"

దున్నపోతు ఈగల్ని తోలుకుంటూ తల అడ్డంగా ఊపింది.

"తిప్పి పంపారు!" అంది తలుపులమ్మ దిగులుగా.

"భయపడకే. రెండోసారి కాదనడానికి లేదు," అని పోలయ్య గబగబా వెళ్ళి కాగితం సరాసరి ముక్కు దగ్గర పెట్టాడు. అది కదల్లేదు. "ముద్ర వేసేది ముందు కాదేమో అన్నయ్యా," అన్నాడు మంగయ్య. పోలయ్య వెనక్కి వెళ్ళి తోక ఎత్తి అడిగాడు.

ఒకటే తన్ను. పోలయ్య గాల్లో లేచి, గడ్డివాము దాటి, పెంటకుప్ప మీద పడ్డాడు. వదినా మరిదీ ఏడుస్తూ పరుగెత్తారు. పోలయ్య మూలుగుతూ లేచి చొక్కా చూసుకున్నాడు. తెల్ల చొక్కా మీద, సరిగ్గా పొట్ట దగ్గర, బురద గిట్ట గుండ్రంగా అచ్చు పడింది.

"ఏడవకండర్రా!" అని అరిచాడు. "ముద్ర పడింది! వెంటనే నా చొక్కా విప్పి ఇంటి మీద కప్పండి!"