పోలమ్మ ఆపిన చుక్క

ఒకప్పుడు ఆకాశంలో ఏ చుక్కకూ తనదంటూ ఒక చోటు లేదు. గాలికి ఎగిరే దూదిపింజల్లా చుక్కలన్నీ ఇష్టమొచ్చినట్టు తిరిగేవి. నిన్న కొండ మీద కనిపించిన చుక్క ఇవాళ సముద్రం మీద ఉండేది. రేపు ఎక్కడుంటుందో దానికే తెలియదు.

అందుకే చీకటి పడ్డాక నీళ్ల మీద ఎవరూ ఉండేవారు కారు. ఒడ్డున జెండా కనిపించినంత దూరమే పడవలు వెళ్లేవి. జెండా అంటే ఏముంది, ఇసుకలో పాతిన తాటిదుంగ, దానికి కట్టిన తెల్లగుడ్డ. ప్రతి ఊరికీ అదే.

ఒక ఏడు చేపలు లోతు నీళ్లలోకి వెళ్లిపోయాయి. వలలు ఖాళీగా తిరిగొచ్చాయి. పిల్లలు గంజినీళ్లు తాగి పడుకున్నారు. చివరికి కొండపాలెం మగవాళ్లు జెండా కనిపించని దూరం వెళ్లడానికి సిద్ధపడ్డారు.

ఆ ఊళ్లో తెరచాపలు కుట్టేది పోలమ్మ. ముసలిది. చేతులు పని మరవలేదు గాని, తలలోవి ఒక్కొక్కటే జారిపోతున్నాయి. సూది కొప్పులో గుచ్చుకుని ఇల్లంతా వెతికేది.

"కొప్పు తడుముకో అత్తా" అనేది కోడలు నూకాలు.

"ఇవాళ సూది. రేపు మీ పేర్లు కూడా పోతాయేమోనే."

"పోతే పోనీ. నేను మళ్లీ చెప్తాను. రోజూ చెప్తాను."

బయల్దేరే పూట కొడుకు దానయ్య వచ్చి తల్లి పక్కన కూర్చున్నాడు.

"అమ్మా, దూరం నుంచి చూస్తే అన్ని ఊళ్ల గుడ్డలూ ఒకటే. నురగ కూడా తెల్లగానే ఉంటుంది. మేం తిరిగొచ్చేసరికి మన జెండా మీద ఏదైనా గుర్తు ఉండాలి."

"ఏం గుర్తురా?"

"ఏదో ఒకటి. కుట్టడం మాత్రం మరిచిపోకు" అని నవ్వి పడవ తొయ్యడానికి వెళ్లాడు.

అతను నవ్వుతూనే అన్నాడు. పోలమ్మ నవ్వలేదు.

ఆమె గుడ్డ మీద బొగ్గుతో చేప గీసింది. నూకాలు చూసి, "చేప ఏ ఊరిదైనా చేపే గదత్తా" అంది. పోలమ్మ సున్న చుడితే నూకాలు, "ఇది దూరానికి మరకలా కనిపిస్తుంది" అంది. పొద్దు వాలింది. పడవలు కనుమరుగయ్యాయి. పోలమ్మ ఇసుకలో ఒక్కతే కూర్చుంది.

అప్పుడే ఉత్తరం వైపు కొండ మీదుగా ఒక చిన్న చుక్క నడిచిపోతోంది.

"ఓ చుక్కా, కాస్త ఆగు" అంది పోలమ్మ.

చుక్క ఆగిపోయింది. "నన్ను ఇంతవరకూ ఎవరూ ఆగమనలేదు. ఏం కావాలవ్వా?"

"నా కొడుకు ఇల్లు చేరాలి. అందుకొక గుర్తు కావాలి."

చుక్క కాసేపు ఆలోచించింది. "ఇసుకలో వేలు పెట్టు. ఎత్తకుండా గీయాలి. పైకి వెళ్లు. కిందికి దిగు. ఏటవాలుగా ఎక్కు. అడ్డంగా పో. ఇప్పుడు బయల్దేరిన చోటికి వచ్చెయ్."

పోలమ్మ గీసింది. ఇసుకలో ఐదు కొనల చుక్క వెలిసింది. దాని నడుమ ఐదు గోడల చిన్న గది.

"ఈ గది నేను గీయలేదే" అంది ఆమె.

"దాన్ని ఎవరూ గీయరవ్వా. అది ఇల్లు. గీత బయల్దేరిన చోటికి తిరిగొస్తే ఇల్లు దానంతటదే నిలబడుతుంది. గీత రాకపోతే ఒక గోడ ఉండదు."

పోలమ్మ ఆ గది గోడలను వేలికొనతో మెల్లగా తాకింది. ఆమె భర్త వెళ్లిన పడవ తిరిగి రాలేదు. గోడ లేని ఇల్లు ఎలా ఉంటుందో ఆమెకు ఒకరు చెప్పనక్కర్లేదు.

ఇంతలో అల వచ్చి బొమ్మను చెరిపేసింది. మళ్లీ గీయబోయింది. ఏటవాలుగా ఎక్కాక ఎటో తెలియలేదు. చుక్క మళ్లీ చెప్పింది. మళ్లీ మరిచిపోయింది.

"నువ్వు వెళ్లిపోతే ఇది నా తలలో నిలవదు తల్లీ. నేను చెప్పేదాకా కదలకు."

"సరే. నువ్వు చెప్పేదాకా కదలను" అంది చుక్క.

మిగతా చుక్కలు పకపకా నవ్వాయి.

"ఎవరి మాట పట్టుకుని నిలబడ్డావే? కొప్పులో సూదిని మరిచిపోయే ముసలమ్మ, ఆకాశంలో నిన్ను గుర్తుపెట్టుకుంటుందా?"

"ఆమె మరిచిపోతుంది కాబట్టే నేను నిలబడాలి" అంది చిన్న చుక్క.

రోజూ పొద్దు వాలగానే పోలమ్మ ఒడ్డుకు వచ్చేది. తల ఎత్తి చూసేది. చుక్క అక్కడే ఉండేది. అది చెప్పినంత మేర కుట్టుకునేది. నూకాలు ఎర్రదారం పేని ఇచ్చేది. ఎక్కడా తెంపకుండా ఒకే దారంతో కుట్టింది పోలమ్మ. చివరి కుట్టు మొదటి కుట్టును తాకిన రోజే జెండా దుంగ ఎక్కింది.

అక్కడ నడిసముద్రంలో తుఫాను రేగి పడవలను గిరగిరా తిప్పేసింది. గాలి తగ్గేసరికి ఏది తూర్పో ఏది పడమరో ఎవరికీ తెలియలేదు. మబ్బులు విడిపోయాయి. పైన చుక్కలు ఎప్పటిలాగే తిరుగుతున్నాయి.

"పైకి చూసి ఏం లాభం మామా, వాటికే దారి తెలియదు" అన్నాడు ఒకడు.

దానయ్య మాత్రం చూస్తూనే ఉన్నాడు. "అదిగో, ఆ చిన్నది కదలడం లేదు. వచ్చేటప్పుడు రోజూ మన ఎడమ చేతి వైపే ఉంది. దాన్ని కుడి చేతి వైపు పెట్టుకుని పదండి."

తెల్లారేసరికి దూరాన ఒడ్డు తేలింది. ఒడ్డు పొడవునా తెల్లగుడ్డలు. వాటిలో ఒక్కదాని మీద ఎర్రటి చుక్క.

పడవలన్నీ ఇల్లు చేరాయి. ఆ రోజు ప్రతి పొయ్యీ వెలిగింది. ఆ సందడిలో పోలమ్మ చుక్కకు ఒక్క మాట చెప్పడం మరిచిపోయింది.

ఏళ్లు గడిచాయి. మిగతా ఊళ్లు కూడా జెండాల మీద చుక్క కుట్టుకున్నాయి, ఒకరు నల్లగా, ఒకరు పచ్చగా, ఒకరు నీలంగా. పడవలు ఇంకా ఇంకా దూరం వెళ్లాయి. పోలమ్మకు పేర్లు ఒక్కొక్కటే పోయాయి. నూకాలు అన్న మాట తప్పలేదు, రోజూ చెప్పేది.

"ఎవరికో ఒక మాట చెప్పాలే. ఎవరికో, ఏమిటో గుర్తు రావడం లేదు" అనేది పోలమ్మ.

"గుర్తొస్తుందిలే అత్తా. ముందు ముద్ద తిను."

ఒక సాయంత్రం ఇసుకలో కూర్చుని ఉండగా ఆమె వేలు దానంతటదే కదిలింది. పైకి వెళ్లింది. కిందికి దిగింది. ఏటవాలుగా ఎక్కింది. అడ్డంగా పోయింది. బయల్దేరిన చోటికి వచ్చి ఆగింది. అంతే, ఆమెకు అంతా గుర్తొచ్చింది.

తల ఎత్తి చూసింది.

"అయ్యో తల్లీ, ఇంకా అక్కడే ఉన్నావా?"

"నువ్వు చెప్పలేదుగా అవ్వా."

"ఒక్కసారి గుర్తు చెయ్యకపోయావా?"

"మాట ఇచ్చింది నేను. విడిపించాల్సింది నువ్వు. అందరితో కలిసి తిరగాలని నాకూ ఉంటుంది. ఒక్క మాట అను, వెళ్తాను."

పోలమ్మ నోరు తెరిచింది.

అప్పుడే సముద్రం వైపు చూసింది. చీకట్లోకి వెళ్లిపోతున్న పడవల దీపాలు ఒక్కొక్కటే చిన్నవవుతున్నాయి. నీళ్ల అంచున నూకాలు నిలబడి వాటినే చూస్తోంది.

పోలమ్మ నోరు మూసుకుంది. కాసేపటికి మెల్లగా అంది:

"నీకేదో చెప్పాలనుకున్నాను. మరిచిపోయాను."

ఆమె మరిచిపోలేదు. ఆ సంగతి చుక్కకూ తెలుసు.

"సరేలే అవ్వా. గుర్తొచ్చినప్పుడు చెప్పు" అంది చుక్క.

ఆ మాట ఆమె మళ్లీ ఎప్పుడూ ఎత్తలేదు.

అప్పటినుంచే ఉత్తరాన ఆ చుక్క ఒక్కటే కదలకుండా నిలిచి ఉంది. పెద్దలు దాన్ని ధ్రువనక్షత్రం అంటారు. ఒకప్పుడు నవ్విన చుక్కలన్నీ ఇప్పుడు తెల్లవార్లూ దాని చుట్టే తిరుగుతూ, "అవ్వ చెప్పిందా? అవ్వ చెప్పిందా?" అని అడుగుతూనే ఉన్నాయి.