పుస్తకం బొల్లమ్మది

చిన్న కథ. నోట్లో తమలపాకు నమిలేలోగా అయిపోతుంది. ఒకానొక రాజ్యంలో వీరకుంజరుడనే రాజు ఉండేవాడు. మంచివాడే, కాకపోతే అద్దం ముందు కాస్త ఎక్కువసేపు నిలబడేవాడు. ఆ అద్దం తుడవడానికి ఇద్దరు మనుషులుండేవారు. వాళ్లకు ఒకరంటే ఒకరికి పడదు. అసలు గొడవ ఎక్కడ మొదలైందంటే... సరే, అది చెబితే పొద్దుపోతుంది.

ఆ రాజ్యంలో ఎవరు కొత్త పుస్తకం రాసినా ఆస్థాన పండితుడు త్రివిక్రమ సోమయాజి దిద్ది ఒప్పుకోవాలి. అప్పుడే నకళ్లు తీయనిచ్చేవారు. ఒక కుమ్మరి కుండలు కాల్చే పద్ధతి రాసిస్తే, అది రాజుగారి భుజాల మీద నూరు పద్యాలై తిరిగొచ్చింది, పైన సోమయాజి పేరుతో. కుమ్మరి చదువుకుని బాగుందనే అన్నాడు పాపం.

బొల్లమ్మ పశువులకు వైద్యం చేసేది. ముప్పై ఏళ్లలో నేర్చిందంతా నూట ఇరవై తాటాకుల మీద గంటంతో రాసింది. అదే ఆమె మొదటి పుస్తకం. కాపరులు చదివి మందు వేయాలి కనుక వాళ్ల మాటల్లోనే రాసింది. అందులో ఒక ఆకు పేరు మారితే ఆవు చస్తుంది. ఆ భయంతోనే ఆమె ఒక పని చేసింది. గంటంతో గీసిన అక్షరాలు మసి రుద్దితే గాని కంటికి ఆనవు. ఆమె పై ఆకుకు మాత్రం మసి రుద్ది, మిగతావి అలాగే వదిలేసి, కట్ట కట్టి సోమయాజి ఇంట్లో ఇచ్చి వచ్చింది.

నెల తర్వాత నిండు సభలో సోమయాజి ఆ కట్ట ఎత్తి చూపించాడు. రెండుసార్లు చదివానని, మూడు వందల తప్పులున్నాయని, అంతా తానే తిరగరాసి తన పేరుతో వెలువరిస్తే గాని సభకు పరువు దక్కదని విన్నవించాడు. రాజు తల ఊపాడు.

సభలో ఓ పక్కన నిలబడ్డ బొల్లమ్మ ముందుకొచ్చి దణ్ణం పెట్టింది. "అయ్యవారూ, మూడు వందలు వద్దు. ఒక్కటి చూపించండి, దిద్దుకుంటాను."

సోమయాజి దర్జాగా తాడు విప్పాడు. రెండో ఆకు చూశాడు. మూడోది చూశాడు. మధ్యలోంచి ఒకటి లాగి చూశాడు.

"ప్రభూ, ఇది మోసం. ఇవన్నీ ఖాళీ ఆకులు."

"మరి ఆ మూడు వందల తప్పులు తమకెక్కడ దొరికాయి అయ్యవారూ?"

సభలో ఒకాయనకు దగ్గొచ్చింది, పక్కాయనకు అంటుకుంది. బొల్లమ్మ మసిగుడ్డ తీసి ఆకు మీద రుద్దింది. అక్షరాలు నల్లగా తేలాయి.

రాజుకు నవ్వొచ్చింది గాని హోదా అడ్డొచ్చింది. పుస్తకం ఆమె రాసినట్టే, ఆమె పేరుతోనే ఉండొచ్చని, అయితే మధ్యలో ఎక్కడైనా తన వర్ణన నాలుగు పద్యాలు చేర్చాలని సెలవిచ్చాడు.

"చిత్తం ప్రభూ. తమరిని గాలికుంటు రోగం దగ్గర పెట్టమంటారా, పొదుగువాపు దగ్గరా?"

రాజు సింహాసనం పట్టుకుని మరీ నవ్వాడు. రెండు పాడి ఆవులు ఇప్పించాడు. నకలు ఎవరైనా రాసుకోవచ్చు గాని బొల్లమ్మను అడగకుండా అక్షరం మార్చకూడదని శాసనం వేయించాడు.

సోమయాజి ఒక నకలు ఇంటికి తీసుకెళ్లి, ఈసారి నిజంగానే చివరిదాకా చదివాడు. ఆ నెలలోనే ఆస్థానం వదిలేశాడు. పక్క ఊళ్లో పశువులకు వైద్యం చేస్తూ ఉండిపోయాడు. హస్తవాసి మంచిదని చెప్పుకునేవారు.